కుంకుమ గీత తప్పిన నట్టు

నాచారం పారిశ్రామికవాడ రోడ్డు మీద ముప్పై ఏళ్ళకు పైగా రిమ్ములు, టైర్లు ఎక్కించాను. పోయిన ఏడాది షాపు వేరేవాళ్ళకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి అడుగుతుంటారు, పికప్ బండికి బయటి రిమ్ములు, టైర్లు ఎట్లా చూసి ఎంచాలని. కొలతలు అరగంటలో చెప్పవచ్చు. ఫోన్లో వెతికినా దొరుకుతాయి. కొలతలు తెలిసిన మనిషి కళ్ళముందే బండి ఎట్లా ఒరిగిపోతుందో మాత్రం అక్కడ దొరకదు. అందుకని రాస్తున్నాను.

షాపు నిలబడ్డ నేల

మాది పటేళ్ళ ఇల్లు. నాచారం నుంచి మల్లాపూర్ వైపు ఇప్పుడు షెడ్లున్న నేలలో చాలాభాగం మా తాత కాలంలో మా జొన్నచేలు. కొంత భూపరిమితి చట్టం కింద పోయింది, కొంత కోర్టుల్లో పోయింది, మిగిలింది మా నాన్న చేతుల్లో కరిగింది. జాలి కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

హమీద్ సాబ్ టైర్ల షాపు కూడా ఆ చేలలోనే లేచింది. పని అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ చూపించాడు. నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను. కాసేపు నన్ను చూసి, "కూసున్నది చాలు పటేల్, ఇగ జాకీ పట్టు" అన్నాడు. అప్పటి నుంచి షాపుకు వచ్చే వాళ్ళందరికీ నేను పటేల్‌నే. సగం మర్యాద, సగం ఎగతాళి. రెండింటికీ ఒకే ముఖం పెట్టడం నేర్చుకున్నాను.

టైర్ల విషయంలో హమీద్ సాబ్ నిజాయితీపరుడు కాదు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి, నల్లరంగు రుద్ది, కొత్తదని అమ్మడం నా కళ్ళారా చూశాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు, ఆయనను మంచివాడని చెప్పడానికి మాత్రం నోరు రాదు. అటువంటి మనిషి కూడా నట్ల దగ్గర మోసం చేయడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"టైరు పల్గితే గిరాకీ తిట్టుకుంట మల్ల వస్తడు," అన్నాడు. "నట్టు ఊడితే రాడు."

ఆరు బోల్టులు కూర్చుంటే చాలదు

పికప్ యజమాని కొత్త రిమ్ము తెచ్చి మొదట చెప్పే మాట ఒకటే: బోల్టులు కూర్చున్నాయి, కాబట్టి సరిపోయింది. కూర్చోవడం వేరు, మోయడం వేరు.

రిమ్ము నడుమ పెద్ద రంధ్రం ఉంటుంది. అది ఇరుసు చివరనుండే హబ్బు మీద బిగుతుగా దిగాలి. బయట దొరికే రిమ్ములు పది రకాల బండ్లకు పనికిరావాలని ఆ రంధ్రాన్ని పెద్దగా కోస్తారు. ఖాళీ పూడ్చడానికి నడుమ రింగు వేయాలి. వెయ్యకపోతే చక్రాన్ని నట్ల మీదనే సరిగ్గా మధ్యకు తేవాలి, నట్లు ఏమాత్రం వదులైనా అది కదలడం మొదలుపెడుతుంది. తర్వాత నట్టు అడుగు చూడాలి. కంపెనీ రిమ్ముతో వచ్చిన నట్టు చాలా బండ్లలో అడుగున బల్లపరుపుగా, వాషరుతో ఉంటుంది. బయటి అల్లాయ్ రిమ్ములో నట్టు కూర్చునే చోటు గరాటులా ఉంటుంది, దానికి కోసుగా ఉండే నట్టే కావాలి. పాత నట్టు బిగిస్తే అది అంచు మీద మాత్రమే ఆనుతుంది. పానా గట్టిగానే తిరుగుతుంది, చేతికి ఏ తేడా తెలియదు. బండి కదిలాక మెత్తని అల్లాయ్ అరుగుతుంది, నట్టు వదులవుతుంది.

ఇక రిమ్ము ఎంత బయటికి పొడుచుకొస్తుందో చూడాలి. బయటికి వచ్చినకొద్దీ బేరింగు మీద, నట్లు బిగిసే స్టడ్ల మీద లాగుడు పెరుగుతుంది. టైరు గోడ మీద అది ఎంత బరువు మోస్తుందో చెప్పే నంబరు ఉంటుంది. వెడల్పాటి షోకు టైర్లలో అది తరచుగా కార్లకు సరిపోయే నంబరే. పీర్జాదిగూడ నుంచి ఇటుకలు మోసే ఒకాయన అటువంటివి నాలుగు వేయించుకొని, నెల తిరక్కుండానే పగిలిన టైరు నా ముందు పడేసి, దిష్టి తగిలిందన్నాడు. దిష్టి తీయించుకొమ్మన్నాను, దానితోపాటు లోడు టైర్లు కూడా వేయించుకొమ్మన్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. కొత్త రిమ్ము ఎక్కించాక, బండి యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక, మళ్ళీ తెచ్చి నట్లు బిగించుకోవాలి. ఇది చెబితే గిరాకీలు నవ్వుతారు, రెండోసారి డబ్బులు అడగడానికి ఎత్తు అనుకుంటారు. మా షాపులో, హమీద్ సాబ్ ఉన్నప్పుడూ, ఆయన తర్వాత అది నా చేతికి వచ్చాకా, బిగింపు అయ్యాక నట్టు మీది నుంచి రిమ్ము మీదికి తెల్లపెయింటుతో సన్నని గీత గీసేవాళ్ళం. నట్టు తిరిగితే గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. దూరం నుంచే కనబడుతుంది.

అమ్మవారి బండి

మా వాడలో బోనాలనాడు ఫలహారం బండి తీస్తారు. వేపకొమ్మలు, పూలు, దీపాలు కట్టిన బండి మీద అమ్మవారి పటం పెట్టి, నైవేద్యం పెట్టుకొని, డప్పులతో ఊరేగింపుగా తీసుకెళ్తారు. అన్ని బండ్లకంటే ముందు నడిచే బండి మా ఇంటిది. మా తాత దాకా అంతే. ఒక ఏడు మా నాన్న ఎడ్లను అమ్ముకొని బండి కట్టలేకపోయాడు. ఆ ఏడు మా పొలాల్లో జీతం చేసిన కుటుంబం బండి కట్టింది. తర్వాత ఆ ముందు వరుస వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. రోడ్డు పక్కన వాళ్ళకున్న చిన్న చెలక ఒక్కసారిగా విలువ పెరిగి, వాళ్ళు ప్లాట్ల వ్యాపారంలోకి వెళ్ళారు. ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, యాదగిరి, శ్రీశైలం. తల్లి సత్తెమ్మ.

వాళ్ళు మా దగ్గరి నుంచి బండితోపాటు ఒక కట్టుబాటును కూడా తీసుకున్నారు. పసుపు పెట్టినంక చక్రానికి ఇనుము తగలకూడదు. ఊరేగింపు ముగిసేదాకా సుత్తి గాని, పానా గాని దగ్గరికి రాకూడదు.

అది ఎట్లా పుట్టిందో మా నాన్న నాకు చెప్పాడు. ఒక ఏడు నడిదారిలో బండి చక్రానికి ఇనుప పట్టా జారింది. కమ్మరి అక్కడే సుత్తి తెచ్చి నాలుగు దెబ్బల్లో ఎక్కించాడు. జనం సంతోషించి అతని మెడలో దండ వేసి, బండికి ముందు, అంటే మా తాతకు కూడా ముందు, నడిపించారు. మరుసటి ఏడు మా తాత, అమ్మవారు కలలోకి వచ్చి పసుపు చక్రానికి ఇనుము తగలనియ్యొద్దని చెప్పిందని వాడంతా చాటించాడు. మా నాన్న అది చెబుతూ నవ్వాడు. "కల లేదు, గిల లేదు. కమ్మరోని దండ కండ్ల పడ్డది" అన్నాడు. బయట అనొద్దని కూడా చెప్పాడు. నేను అనలేదు, చాలా ఏళ్ళ పాటు.

శ్రీశైలం తెచ్చిన ఫొటో

ఎడ్లబండి పోయి ట్రాలీ వచ్చింది, ట్రాలీ పోయి పికప్ వచ్చింది. శ్రీశైలం కొన్న పికప్ డబుల్ క్యాబిన్‌ది, పెద్దది. బోనాలకు వారం ముందు షాపుకు వచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు. ఇరవై అంగుళాల అల్లాయ్‌లు, వెడల్పాటి టైర్లు, మడ్‌గార్డు రెక్కల బయటికి బెత్తెడు పొడుచుకొచ్చినవి.

ఆ బండి మీద ఏమేమి ఎక్కుతాయో అడిగాను. ఇనుప పైపుల గోపురం, జనరేటరు, దీపాలు, ఓ పదిమంది మనుషులు అన్నాడు. టైరు నంబరు చదివి, దీనికి ఇవి ఎక్కించనని చెప్పాను. కంపెనీ రిమ్ములతోనే పొమ్మన్నాను, పూలు కడితే ఎట్లాగూ కనబడవన్నాను.

శ్రీశైలం సరదా మనిషి. ఎవరిమీదా కోపం ఉంచుకునే రకం కాదు. నవ్వుతూనే అన్నాడు. "పటేలా, బండి మీ ఇంటిదైతే ఎక్కిస్తుంటివి గదా? మాదైందని ఎక్కిస్తలేవు."

"ఎవలదైనా ఎక్కియ్య."

"కడుపుమంటకు సోడా తాగు పటేలా, తగ్గుతది," అని, బల్ల మీద నాకో సోడా కొని పెట్టి వెళ్ళాడు.

అతడు అన్నమాటే వాడంతా అనుకుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇదే. కొలత సరిగ్గా చదివితే సరిపోదు. అది చెబుతున్నది ఎవరో గిరాకీ ముందు చూస్తాడు. నేను ఆ బండి పోగొట్టుకున్న ఇంటివాణ్ణి. నా నోటి నుంచి వచ్చిన ఏ లోడు నంబరైనా వాళ్ళ చెవికి అసూయగానే వినబడింది.

రిమ్ములు రావడం ఆలస్యమైంది. బోనాలకు ముందురోజు ఉప్పల్ వైపు ఇంకో షాపులో ఎక్కించారు. కంపెనీ నట్లే వాడారు, నడుమ రింగు వేయలేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అదే సాయంత్రం జనరేటరు తేవడానికి బండి ఘట్‌కేసర్ పోయి వచ్చింది. వచ్చాక మళ్ళీ నట్లు బిగించాలి కదా. అప్పటికి ఇంటి ముందు సత్తెమ్మ పళ్ళెం పట్టుకొని ఉంది. బండి ఆగగానే నాలుగు చక్రాలకూ పసుపు పూసి, నట్ల మీదుగా కుంకుమ గీతలు దిద్దారు.

బండి నా షాపు ముందు ఆగినప్పుడు

మరునాడు పొద్దు వాలుతుండగా ఊరేగింపు నాచారం రోడ్డెక్కింది. ముందు పోతరాజు, డప్పులు, వెనక వాళ్ళ బండి. జనం గుమిగూడటంతో బండి నా షాపు ముందు ఆగింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. అలవాటుగా కళ్ళు చక్రాల మీదికే పోయాయి.

వెనక ఎడమ చక్రం మీద కుంకుమ గీతలు విరిగి ఉన్నాయి. నట్టు మీది ముక్క ఒకచోట, రిమ్ము మీది ముక్క గోరంత పక్కన. ఒకటి కాదు, నాలుగు నట్ల మీద. పసుపులో నట్ల చుట్టూ బూడిదరంగు పొడి కనబడింది. అది అరిగిన అల్లాయ్.

లోపలికి వెళ్ళి పానా తెచ్చాను. డ్రైవరు సీట్లో యాదగిరి ఉన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, వెనక చక్రం నట్లు తిరుగుతున్నయని, రెండు నిమిషాల పనని చెప్పాను.

యాదగిరి నా చేతిలోకి చూశాడు. "ఏంది పటేలా, పానా పట్టుకొని వచ్చినవ్? పసుపు చక్రానికి ఇనుము తగలొద్దు. మీ తాత పెట్టిన కట్టే గదా, నీకు తెల్వదా?"

"తెల్సు. గది కట్టు గాదు. అబద్ధం."

డప్పులు ఆగాయి. మా ఇంట్లోనే ఉండిపోవలసిన మాట నలుగురి ముందు చెప్పాను. కమ్మరి దండ సంగతి చెప్పాను, మా తాతకు ఏ కలా రాలేదని చెప్పాను. మా తాత పేరు ఆ వాడలో ఇంకా బరువున్న పేరు. దాన్ని నా చేతులతోనే కింద పెట్టాను. చక్రం ఆగుతుందని అనుకున్నాను.

బండి మీద పటం పక్కన కూర్చున్న సత్తెమ్మ కిందికి చూసి మాట్లాడింది. ఆమె గొంతులో కోపం లేదు, ఏవగింపు ఉంది. "గా పెద్దమనిషి పోయి ఎన్నేండ్లాయె. మా బండి ఆపెతందుకు ఆయన పేరు గూడ తీస్తివా పటేలా?"

నేను బండికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఇద్దరు మనుషులు వచ్చి నన్ను చెరో రెక్కా పట్టుకొని పక్కకు జరిపారు. నా ఒంటి మీద చెయ్యి వేసి జరపడం ఆ నేల మీద అదే మొదటిసారి.

శ్రీశైలం అదే వెనక చక్రం పక్కన ఉన్నాడు. చేతిలో పొడవాటి వెదురుకర్ర. పైన వేలాడే కరెంటు, కేబుల్ తీగలు గోపురానికి తగలకుండా ఎత్తి పట్టే పని అతనిది. నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు. "వచ్చే యేడు నిన్ను గూడ బండి మీద కూసోబెడత పటేలా. ఇయ్యాల జర తొవ్వ ఇయ్యి."

బండి కదిలింది. మల్లాపూర్ నుంచి వచ్చే రోడ్డు కలిసేచోట పల్లం, ఆ పల్లంలోనే మలుపు. నేను చూడలేదు, విన్నాను. ముందు స్టడ్లు తెగిన చప్పుడు, ఎండుకట్టె విరిచినట్టు. తర్వాత ఇనుము రోడ్డును గీరిన చప్పుడు. తర్వాత గోపురం.

చక్రం ఒక్కటే దొర్లుకుంటూ వచ్చి కాలువ గోడకు ఆనుకుంది. దాని మీద వేపరెమ్మ అట్లాగే ఉంది. శ్రీశైలం తల పైకెత్తి తీగలు చూస్తూ ఉండటంతో ఒరిగే బండిని చూడలేదు, గోపురం కింద పడ్డాడు. దవాఖానకు చేరకముందే పోయాడు.

పోలీసులు రిమ్ములు ఎక్కించిన షాపు అతణ్ణి పిలిచి అడిగారు. ఆరు బోల్టులూ కూర్చున్నాయి సార్ అన్నాడట.

సత్తెమ్మ అడిగిన మాట

వాడలో ఒక కథ స్థిరపడింది. పటేల్ ఇనుము పట్టుకొని పసుపు బండికి ఎదురు నిలబడ్డాడు, అమ్మవారికి కోపం వచ్చింది. యాదగిరి కూడా ఆ మాటే పట్టుకున్నాడు. నా షాపుకు వచ్చే బండ్లు తగ్గాయి. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. అడగనివాళ్ళకు చెప్పడం మా ఇంటి పద్ధతి కాదు.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం సత్తెమ్మ ఒక్కతే షాపుకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కొంగు నడుముకు దోపుకొని నిలబడి అడిగింది.

"పటేలా, ఒక్కటే అడుగుత. గా కట్టు అమ్మవారిదా, మీ తాతదా?"

అమ్మవారిదే అనవచ్చు. అంటే ఆమె కొడుకు పోవడానికి ఒక పెద్ద కారణం ఉంటుంది, దాన్ని పట్టుకొని మిగిలిన రోజులు గడపవచ్చు. మా తాత పేరు కూడా ఎత్తి పాతచోటనే పెట్టినట్టవుతుంది. ఆమె కోరుకున్నది కూడా ఆ జవాబే కావచ్చు. కాని అంటే, వచ్చే బోనాలకు ఇంకో బండి, ఇంకో చక్రం.

"మా తాతదే," అన్నాను.

"కల?"

"రాలే."

ఆమె బయటికి చూసింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"అయితే నా కొడుకు ఉత్తగనే పాయె."

"నట్టు వదులై పోయిండు సత్తెమ్మా. ఇంకేం లేదు."

నా పనిలో నేను చెప్పిన మాటలన్నిటిలో కఠినమైనది అది. ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఆనాడు నేను చూసిన గీత ఏమిటో చూపించమంది. షాపులో ఒక పికప్ జాకీ మీద ఉంది. దాని నట్టు మీది నుంచి రిమ్ము మీదికి పెయింటుతో గీత గీశాను. పానా పెట్టి నట్టును కొంచెం వెనక్కి తిప్పాను. గీత విరిగి గోరంత పక్కకు జరిగింది.

సత్తెమ్మ కిందికి వంగి బొటనవేలితో ఆ ఖాళీని తడిమింది. తడి పెయింటు వేలికి అంటింది.

"గింతనా?" అంది.

"గింతే."

వేలు కొంగుకు తుడుచుకొని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు కూడా మొదటి బండి వాళ్ళింటి నుంచే బయల్దేరింది. కంపెనీ రిమ్ములు, లోడు టైర్లు. నా షాపు ముందు ఆగింది. ఎవరూ ఆపమనలేదు, యాదగిరే ఆపాడు. సత్తెమ్మ బండి దిగింది. ఒక్కొక్క చక్రం దగ్గర కూర్చొని, ఒక్కొక్క నట్టు మీద కుంకుమ గీతను బొటనవేలితో తడిమి చూసింది. యాదగిరి ఆమె వెనక పానా పట్టుకొని నిలబడ్డాడు. డప్పులు ఆగి ఉన్నాయి. తీగలు ఎత్తే వెదురుకర్ర ఈసారి వేరే మనిషి చేతిలో ఉంది.

ఆమె నా వైపు చూడలేదు, నేనూ గేటు దాటలేదు. నాలుగో చక్రం కూడా చూసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచి, పోనియ్యమని కొడుకుకు చెయ్యి ఊపింది.